రేడియోలో గేటు చప్పుడు

రేడియోలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. "మీ కాలంలో రాజకీయ నాయకుల ఒత్తిడి బాగా ఉండేదటగా సార్?" అని. నేనేదో బెదిరింపు ఫోన్ల కథ చెప్తానని వాళ్ళ ఆశ. అలాంటివి ఒకటి రెండు లేకపోలేదు గాని, వాటి వల్ల నేను నేర్చుకున్నది ఏమీ లేదు. నేర్చుకున్నదంతా ఎమ్మిగనూరు అవతల ఒక కాలువ గేటు దగ్గర, నా సొంత తప్పు వల్ల. ప్రమోషన్లు, బదిలీలు, సర్వీసు రూల్సు మీకు ఎవరైనా చెప్తారు. నేను ఆ గేటు సంగతి రాస్తాను.

నా పేరు రసూల్. మాది ఆదోని. మా అబ్బ పత్తి మార్కెట్టులో దలాలీ చేసేవాడు. డెబ్బైల మొదట్లో నేను ప్రభుత్వ రేడియోలో గ్రామీణ కార్యక్రమాల విభాగంలో చేరాను. మా కేంద్రం వేరే ఊళ్ళో ఉండేది. నెలలో సగం రోజులు నేను ఆదోని, ఆలూరు, ఎమ్మిగనూరు వైపు తిరిగి రైతుల మాటలు రికార్డు చేసుకుని పోయేవాణ్ణి. ఆ టేపు రికార్డరు మోసీ మోసీ ఇప్పటికీ నా ఎడమ భుజం కాస్త కిందికి వాలి ఉంటుంది. దర్జీ కొలతలు తీసుకునేటప్పుడల్లా అడుగుతాడు.

పేరు, ఊరు

మా పని ఎట్లా జరిగేదో ముందు చెప్పాలి. ఎవరి గొంతు రికార్డు చేసినా మొదట "పేరు, ఊరు చెప్పండి" అనేవాళ్ళం. అది మర్యాద కోసం కాదు. వాళ్ళు పేరు, ఊరు చెప్పేలోపల రికార్డరు మీద ముల్లు ఎంత కదులుతోందో చూసి గొంతు హెచ్చుతగ్గులు సరిచేసుకునేవాళ్ళం. కేంద్రానికి వచ్చాక బ్లేడుతో ఆ ముక్క కోసి పారేసి, మిగతా టేపు అతికించేవాళ్ళం. రోజు పూర్తయ్యేసరికి నా కుర్చీ కింద గోధుమరంగు టేపు ముక్కలు కుప్పగా పడి ఉండేవి. అవన్నీ పేర్లూ ఊర్లే.

నాకు ఇంకో పిచ్చి ఉండేది. మాటల కంటే చప్పుళ్ళు ఎక్కువ ఇష్టం. జిన్నింగు మిల్లు మోత, ఎమ్మిగనూరు మగ్గాల టకటక, సంతలో గొర్రెల అరుపు, వీటిని విడిగా రికార్డు చేసుకుని డబ్బాల మీద పేర్లు రాసి దాచుకునేవాణ్ణి. కార్యక్రమం మొదట్లో పది సెకన్లు చప్పుడు వినిపిస్తే వినేవాడు ఆ చోట నిలబడినట్టు ఉంటుంది. ఈ మాట ఇప్పటికీ నమ్ముతాను. తోటివాళ్ళు నన్ను "చప్పుళ్ళ సాయిబు" అని ఆటపట్టించేవాళ్ళు. నేను లోలోపల మురిసిపోయేవాణ్ణి.

స్టాపువాచీ

ఎమర్జెన్సీలో మా పని చాలా తేలిక. ఏది చెప్పాలో పైనుంచి వచ్చేది, మేము చెప్పేవాళ్ళం. సిగ్గుపడాల్సిన తేలిక అది. అప్పుడు ఎవరూ సిగ్గుపడలేదు, నేనూ పడలేదు. అది పోయాక రేడియోకి స్వేచ్ఛ వచ్చిందన్నారు. వచ్చింది స్వేచ్ఛ ఒక్కటే కాదు, వినేవాళ్ళు కూడా వచ్చారు. ఏ పార్టీ నాయకుడైనా సాయంత్రం రేడియో ముందు కూర్చుని తన పేరు ఎన్నిసార్లు వచ్చింది, ఎదుటివాడి పేరు ఎన్నిసార్లు వచ్చింది అని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. తేడా కనిపిస్తే ఢిల్లీకి ఫిర్యాదు పోయేది.

అప్పుడు మా పై అధికారి శేషగిరిరావు గారు. గోదావరి వైపు మనిషి. మంచివాడు, పిరికివాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చని నాకు ఆయన వల్లే తెలిసింది. ఆటల పోటీల్లో వాడే స్టాపువాచీ ఒకటి కొని మెళ్ళో వేసుకున్నారు. అధికార పక్షానికి ఎన్ని సెకన్లో ప్రతిపక్షానికీ అన్ని సెకన్లు. ఒకసారి ఒక నాయకుడి మాట కాస్త ఎక్కువైంది. ఏ వాక్యం తీసేసినా గొడవే. "మధ్యమధ్య ఊపిరి పీలుస్తున్నాడు చూడవయ్యా, ఆ చోట్లు కోసెయ్యి" అన్నారు. కోశాను. మర్నాడు ఆ నాయకుడు ఫోన్ చేసి, తన మాట ఎవరో తరుముతుంటే చెప్పినట్టు ఉందనీ, రేడియో కావాలనే తనను అవమానించిందనీ కోప్పడ్డాడు. శేషగిరిరావు గారు ఫోను పెట్టేసి, "సెకన్లు మాత్రం సరిపోయాయి కదా" అని నన్ను అడిగారు.

నవ్వొచ్చే సంగతే గాని, దాని నష్టం తర్వాత తెలిసింది. సెకన్లు సరిచూసుకునే పనిలో పడితే, మాట నిజమా కాదా అని చూసే పని వెనక్కి పోతుంది. మా అందరికీ ఆ అలవాటు అయిపోయింది.

మంత్రి చూసిన నీళ్ళు

ఎనభైల మొదట్లో మా వైపు పెద్ద గొడవ కాలువ నీళ్ళ గురించి. హాలహర్వి దగ్గర కాలువ మన జిల్లాలోకి వస్తుంది. పైన ఉన్నవాళ్ళు తూములు ఎత్తి వాడుకున్నంత వాడుకుంటే చివరి భూములకు చెమ్మ కూడా చేరదు. నీళ్ళు చివరిదాకా పోతున్నాయని అధికార పక్షం, పోవడం లేదని ప్రతిపక్షం. ఎన్నికలు దగ్గరపడుతున్న కాలం. చివరాఖరికి ఒక మంత్రి గారు స్వయంగా కాలువ చివర చూస్తానని బయల్దేరారు. నన్ను పంపారు.

ఎమ్మిగనూరు నుంచి కోడుమూరు పోయే దారి పక్కన ఒక పల్లె. కాలువ నిండా నీళ్ళు. మంత్రి గారు దోసిట్లోకి తీసుకుని తలమీద చల్లుకున్నారు. "చివరి ఎకరం దాకా నీళ్ళు చేరాయి, మీరే చూస్తున్నారు" అన్నారు. నేను మైకు కాలువ అంచున పెట్టి ఆ గలగల చాలాసేపు రికార్డు చేశాను. ఆ సాయంత్రం ప్రసారమైంది. మంత్రి మాటల కింద నా నీళ్ళు పారుతూనే ఉన్నాయి. బాగుందని అందరూ అన్నారు.

రెండు వారాలకు వేరుశనగ తెగులు మీద కార్యక్రమం కోసం మళ్ళీ అదే పల్లెకు పోయాను. కాలువ అడుగున మట్టి పెళ్ళలుగా లేచి ఉంది. వేరుశనగ చేన్లో ఒక పెద్దాయన నన్ను, నా రికార్డరును గుర్తుపట్టాడు.

"ఈడ నీళ్ళు లేవేమప్పా?" అన్నాను.

"యాల లేవు? మీ రేడియోలో పారతాండాయి కదప్పా! ఆ నీళ్ళే ఇంత పంపియ్యి, బుడ్డల సేనికి కట్టుకుంటాం" అన్నాడు.

పక్కనున్న ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తెగులు సంగతి అడగకుండా కాలువ గట్టు పట్టుకుని పైకి నడిచాను.

ఉరుకుందు

మూడు మైళ్ళు నడిచాక గేటు వచ్చింది. దాన్ని ఎత్తి దించే లస్కరు గట్టు మీద కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు. పేరు ఉరుకుందు. నలభై ఏళ్ళు ఉంటాయేమో. నేనెవరో చెప్పి, కింద నీళ్ళు ఎందుకు లేవని అడిగాను. రొట్టె మొత్తం తిన్నాడు, చేతులు కడుక్కున్నాడు, నా వెనకాల ఎవరైనా ఉన్నారేమో చూశాడు.

"మంత్రి వస్తాడని పైన తూములన్నీ రెండు దినాలు మూయించినారన్నా. నా గేటు కాడ తూములు నేనే మూసినా. నీళ్ళన్నీ కిందికి పోయినాయి. ఆయప్ప సూసినాడు, తలమీద సల్లుకున్నాడు, పోయినాడు. కారు దుమ్ము అణగకముందే మళ్ళా ఎత్తమని సెప్పినారు. అదీ నేనే ఎత్తినా."

నేను రికార్డు చేసిన గలగల అబద్ధం కాదు. నీళ్ళు నిజంగానే పారాయి, నేను విన్నదే వినిపించాను. అయినా నా చేత అబద్ధం చెప్పించారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ మాట మైకులో చెప్పమని అడిగాను.

"పేరు రాకూడదన్నా. నేను దినకూలీ లస్కర్ని. పిల్లోళ్ళు ముగ్గురు. ఆఫీసరు ఒక్క మాటంటే ఇంగ నాకు పని ఉండదు."

"పేరు రాదు. గొంతు కూడా మారుస్తాను. నాది పూచీ" అన్నాను.

అలవాటు ప్రకారం "పేరు, ఊరు చెప్పు" అన్నాను. చెప్పాడు. తర్వాత ఉన్నదంతా చెప్పాడు. అయ్యాక లేచి గేటు చక్రం తిప్పాడు. అప్పుడు విన్నాను ఆ చప్పుడు. మొదట మూలుగులాగా మొదలై, పోనుపోను సన్నబడి, పైకి లేచి, ఒక్కసారి తెగిపోయేది. మళ్ళీ మూలుగు. అర మైలు దూరంలో మేస్తున్న ఎద్దు కూడా తలెత్తి చూసింది.

"ఏడాది నుంచి గ్రీజు అడుగుతాండా. ఇయ్యరు. దీని ఏడుపు ఇని ఇని నా సెవులు పోయినాయి" అన్నాడు.

నేను మైకు చక్రం దగ్గర పెట్టి, "ఇంకోసారి తిప్పు" అన్నాను. నవ్వుతూ తిప్పాడు.

పూచీ

కేంద్రానికి వచ్చి పేరున్న ముక్క కోసేశాను. ఆ ఒక్క ముక్కనీ కుర్చీ కింద వెయ్యలేదు, ముక్కలు ముక్కలు చేసి మురుక్కాలవలో పారేశాను. టేపు కాస్త నెమ్మదిగా తిప్పి అతని గొంతు బొంగురు చేశాను. ఊరు పేరు, గేటు నంబరు ఎక్కడా లేవు. "కాలువ మీద పనిచేసే ఒకరు" అని మాత్రం రాశాను. కాలువ శాఖ అధికారి ఒకాయన అదంతా అబద్ధమని చెప్పింది కూడా పెట్టాను.

శేషగిరిరావు గారు రెండుసార్లు విన్నారు. చెమట తుడుచుకున్నారు.

"అధికారి మాటా, ఇతని మాటా సమానంగా ఉన్నాయా?"

"సెకను తేడా లేదు సార్."

"నిజమేనా ఇది?"

"నిజమే సార్. నేను కాలువ చూశాను."

కాసేపు స్టాపువాచీ వేళ్ళతో తిప్పుతూ కూర్చుని, "అయితే వెళ్ళనీ" అన్నారు. ఆయన్ను పిరికివాడని పైన రాశాను. ఆ రోజు కాదు.

ప్రసారమైంది. అధికార పక్షం ఎంపీ ఒకాయన పార్లమెంటులో ప్రశ్న వేశారు. ప్రతిపక్షం ఎంపీ ఇంకో ప్రశ్న వేశారు. ఆ ప్రశ్నల కాగితాలు మా కేంద్రానికి వచ్చిన రోజు ఆఫీసులో ఎవరూ భోజనానికి లేవలేదు. రేడియో ప్రతిపక్షానికి బాకా ఊదుతోందా, ఆ మాటలు ఎవరివి, పేరు ఎందుకు చెప్పలేదు అని మొదటిది. మంత్రి పర్యటనకు అంత సమయం ఎందుకిచ్చారు, గత ఆరు నెలల్లో ఏ పార్టీకి ఎన్ని నిమిషాలు ఇచ్చారు అని రెండోది. నేను రెండు కాగితాలూ ముందూ వెనకా తిప్పి చదివాను. నీళ్ళు కిందికి చేరాయా లేదా అని రెండు పార్టీల్లో ఒక్కరు కూడా అడగలేదు.

శేషగిరిరావు గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. "అతనెవరో నాకు చెప్పకు. చెప్తే నేను రాయాల్సి వస్తుంది" అన్నారు. నాలుగు రోజులు పాత రిజిస్టర్లు ముందేసుకుని నిమిషాలు, సెకన్లు కూడి లెక్కవేశాం. మాట్లాడిన మనిషి కోరిక మీద పేరు వెల్లడించలేదని జవాబు రాశాం. సమయం విషయంలో ఎవరికీ అన్యాయం జరగలేదని పట్టీ వేసి చూపించాం. జవాబు పై నుంచి పైకి పోయింది, అందరికీ నచ్చింది. మా కేంద్రం సమతూకం పాటించిందని మెచ్చుకుంటూ ఉత్తరం కూడా వచ్చింది. ఆ సాయంత్రం అందరికీ నేను టీ, మిక్చరు తెప్పించాను. ఇంత జరిగినా ఇచ్చిన మాట నిలబెట్టుకున్నానని ఛాతీ విరుచుకుని తిరిగాను.

ఉలిగమ్మ చెప్పింది

తర్వాత నెలలో అటువైపు పోయినప్పుడు ఉరుకుందుకు ఈ సంగతి చెబుదామని ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. అతని భార్య ఉలిగమ్మ వాకిట్లో చేట పట్టుకుని కూర్చుని ఉంది. నా పేరు చెప్పగానే చేట పక్కన పెట్టింది.

"ఆయప్ప లేడన్నా. ఆదోనికి పోయినాడు, మిల్లులో పత్తి బేళ్ళు మోసేకి."

"గేటు పని?"

"తీసేసినారు. నీ రేడియోలో వచ్చిన మర్నాడే."

నాకు అర్థం కాలేదు. పార్లమెంటు ప్రశ్న అప్పటికి పుట్టనే లేదు. పేరు ఎవరికీ తెలియదు. నేను ఎవరికీ చెప్పలేదమ్మా అన్నాను.

"నువ్వు సెప్పలేదులే. పేరు దాసినావు, గొంతు గూడా మార్సినావు. నా మొగుడి గొంతు నేనే గుర్తుపట్టలా. ఆ గేటు సప్పుడు యాల పెట్టినావన్నా? ఈ కాలువ మీద ఆ ఏడుపు ఇంగ ఏ గేటుకీ లేదు. మా సిన్నోడు ఇనంగానే 'నాయిన గేటు, నాయిన గేటు' అని గంతులేసినాడు. సిన్నపిల్లోనికి తెల్సింది ఆఫీసరుకు తెలియదా?"

గేటు మీద పనిచేసేది ఒక్కడే. ఆఫీసరు ఎమ్మిగనూరులో ఎక్కడో టీ తాగుతూ విన్నాడట. పక్కవాడితో పందెం కట్టినట్టు గేటు నంబరు చెప్పాడట. ఉద్యోగంలోంచి తీసేసిన కాగితంలో రేడియో మాటే లేదు. పనికి సరిగ్గా రావడం లేదని రాశారు.

ఇందాక చెప్పిన నా పిచ్చి, పది సెకన్ల చప్పుడు వినిపిస్తే వినేవాడు ఆ చోట నిలబడినట్టు ఉంటుందన్నది, అదే జరిగింది. ఆఫీసరు సరిగ్గా ఆ చోటే నిలబడ్డాడు. బొంగురు గొంతు వెనకాల ఆ చప్పుడు లేకపోతే కార్యక్రమానికి ఏ లోటూ ఉండేది కాదు. అది బాగుంది కాబట్టి పెట్టాను, అంతకుమించి కారణం లేదు. ఉలిగమ్మ ముందు నాకు ఏడుపొచ్చింది. ఆమె మంచినీళ్ళు ఇచ్చింది.

ఆదోనిలో మిల్లు ఆవరణలో ఉరుకుందును కలిశాను. మధ్యాహ్నం అన్నం వేళ. తలంతా పత్తి దూది. నన్ను చూసి లేవలేదు.

"పెద్ద ఆఫీసరుకు ఉత్తరం రాస్తాను ఉరుకుందూ. నా తప్పు అని రాస్తాను."

"రాసి ఏం సేస్తావన్నా? ఆ మాట సెప్పింది ఉరుకుందే అని నువ్వే రాసిచ్చినట్ల అయితాది."

శేషగిరిరావు గారు కూడా అదే అన్నారు. అతని తరఫున నోరు విప్పాలంటే, పార్లమెంటుకు కూడా చెప్పకుండా దాచిన పేరు నేనే బయటపెట్టాలి. ఎటు తిరిగినా దారి లేదు. ఏ ఉత్తరమూ రాయలేదు.

పోయేముందు ఉరుకుందు ఒక్క మాటన్నాడు. "నువ్వు మాట తప్పలేదన్నా. తప్పింటే బాగుండు. నిన్నన్నా తిట్టుకుంటాంటి."

కొత్తగా చేరేవాళ్ళకు

మీరు ఒక మనిషిని దాస్తానని మాట ఇస్తే పేరు ఒక్కటే తీసేసి ఊరుకోకండి. అతని పక్కనున్నవాళ్ళ చెవులతో మీ టేపు వినండి. మీ ఆఫీసులో ఎవరికీ తెలియనిది అతని ఊళ్ళో కుక్కకు కూడా తెలుస్తుంది. ఇక నాయకుల నిఘా సంగతి. దానికి భయపడొద్దని నేను చెప్పను, మేము భయపడే బతికాం. అయితే అది ఎటు చూస్తుందో గమనించండి. వాళ్ళు తమ సెకన్లు చూసుకుంటారు. ఆ సెకన్లకు లెక్క అప్పజెప్పి మెప్పు పొందితే మన పని మనం సరిగ్గా చేసినట్టేనని అనిపిస్తుంది. నాకు నెలరోజులు అట్లాగే అనిపించింది. ఆ నెలరోజులూ ఉరుకుందు బేళ్ళు మోస్తున్నాడు.

ఏడాది తిరక్కముందే, సాగునీటి పొదుపు మీద కార్యక్రమం చెయ్యమని నన్ను మళ్ళీ అటు పంపారు. గేటు దగ్గరకు పోయాను. కొత్త లస్కరు, కుర్రవాడు కాదు, వయసున్న మనిషే, గట్టు మీద నిలబడి ఉన్నాడు. కాలువలో మోకాలెత్తు నీళ్ళు. కింద పల్లెకు పోతున్నాయా అని అడిగాను.

"ఆడికి యాడ పోతాయి సార్? ఎప్పటి మాదిరే."

"ఈ గేటు ఒకసారి తిప్పుతావా?" అన్నాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు. చేయి మాత్రం అలవాటుగా రికార్డరు తీసి, మైకు చక్రం పక్కన పెట్టింది.

అతను తిప్పాడు. చక్రం నిండా నల్లగా, దట్టంగా గ్రీజు పూసి ఉంది.

"ఇది ఎప్పుడు పెట్టినారు?"

"పోయినేడాది ఏందో రేడియోలో వచ్చిందంట కదా సార్. ఆ నాలుగో దినమే డబ్బా పంపించినారు. ఇంగ సప్పుడు రాకూడదని గట్టిగా సెప్పినారు."

చక్రం పూర్తిగా తిరిగేదాకా నేను రికార్డరు వైపు చూస్తూ నిలబడ్డాను. ముల్లు కదల్లేదు.